వెలుగు లెక్కలు, 4వ పాఠం: గ్లాసెడు పాలకు నంబర్లు ఏడ దొర్కుతయి

రెండరింగ్ల, అంటే వెలుగు లెక్కలతోని కంప్యూటర్ల బొమ్మ చేసేకాడ, వాడే మెర్ల్ డేటాబేస్ పోయినసారి చూసినం కదా, 2003ల వచ్చింది, 100 మెటీరియల్స్, ఒక్కో ఫైలు 35 ఎంబీ దాక. దానికి రాసిన కోడ్ అట్ల పక్కకు పెట్టున్రి, ఇయ్యాల దాంతోని పని లేదు. ఆ డేటాబేస్ల ఉన్నది పైన తగిలి ఎన్కకొచ్చే వెలుగు లెక్క. పాలు, పాలరాయి, మన చెయ్యి గిట్లాంటివాట్ల వెలుగు లోపలికి పోయి తిరిగి తిరిగి ఇంకో దగ్గర బైటికొస్తది, దీన్నే సబ్‌సర్ఫేస్ స్కాటరింగ్ అంటరు.

దీనికి నంబర్లు కావాల్నంటే ముందుగాల జెన్సెన్, మార్ష్‌నర్, లెవోయ్, హాన్రహాన్ కలిసి 2001ల రాసిన పేపర్ పట్టుకోవాలె. సన్నటి లైట్ వస్తువు మీద ఒక్క చోట కొట్టి, సుట్టూత వెలుగు ఎంత దూరం పాకిందో కెమెరాతోని కొలిచిన్రు. పాలు, పాలరాయి, ఆలుగడ్డ, ఆపిల్, కెచప్, చర్మం అన్నీ ఒక్క టేబుల్లనే ఉన్నయి. పీబీఆర్‌టీ అనే రెండరింగ్ సాఫ్ట్‌వేర్ వాడేటోళ్లకైతే ఇంకా అల్కగ, ఈ టేబుల్ దాంట్ల ముందే ఎక్కించిపెట్టిన్రు, పేరు రాస్తే చాలు.

ఇగ టేబుల్ ఎట్ల చదవాలె? మలాయి తియ్యని పాలకు స్కాటరింగ్, అంటే వెలుగు చెదరుడు, ఎరుపుల 2.55, ఆకుపచ్చల 3.21, నీలంల 3.77. మలాయి తీసిన పాలకు 0.70, 1.22, 1.90. రెండో లైన్ మంచిగ చూడున్రి, ఎరుపు కంటే నీలం రెండున్నర రెట్ల మీదనే ఉంది, అందుకే మలాయి తీసిన పాలు కొంచెం నీలంగ కొడ్తయి, మొదటి దాంట్లనేమో ఒకటిన్నర రెట్లే, అందుకే తెల్లగ అగుపిస్తయి. నాకు ఈ టేబుల్ల మస్తు నచ్చింది ఇదే.

అసలు తిప్పలు యూనిట్ల కాడ. ఈ నంబర్లన్నీ మిల్లీమీటర్‌కు ఇంత అని. నేను మొదటిసారి నల్లగొండల మా ఇంట్ల గ్లాసు కొలతలు తీసి మీటర్లల్ల మోడల్ చేసి 2.55 అట్లనే పెట్టిన, రాత్రంత రెండర్ పెట్టి పొద్దుగాల చూస్తే గ్లాసుల నీళ్లే ఉన్నయి, మా పాలాయన ఎంత కలిపినా గంత పల్చగైతే ఎన్నడు కాలేదు. సీన్ మీటర్లల్ల ఉంటే 1000తోని గుణించాలె, 2.55 కాస్త 2550 అయితది, సెంటీమీటర్లయితే 25.5.

ఇంకో మతలబు, ఆ టేబుల్ల ఉన్నది తగ్గించిన స్కాటరింగ్, అంటే ఒకటిలకెళ్లి జీ తీసేస్తే మిగిలిన దాంతోని అసలు స్కాటరింగ్‌ను గుణించింది. జీ అంటే చెదిరిన వెలుగు ముందుకే ఎంత ఎక్కువ పోతదో చెప్పే నంబర్. అందుకని మీ రెండరర్ల జీ సున్నా పెట్టున్రి. పాలు వెలుగును ముందుకే ఎక్కువ తోస్తయని ఏడనో చదివి 0.9 పెడితే ఒక్కటే పని రెండుసార్లు చేసినట్టయితది, పాలు మళ్ల పల్చగైతయి.

రెండో జాగ 2006ల నరసింహన్ వాళ్ల పేపర్, దాంట్ల 40 దాక ఉన్నయి, కాఫీలు, వైన్లు, బీర్లు, షాంపూలు, లెమన్ టీ పౌడర్ గూడ. మన ఇరానీ చాయ్ మాత్రం లేదు, ఏంజేస్తం. వీళ్లు నీళ్లల్ల బాగ పల్చగ కలిపి కొలిచిన్రు, పల్చగుంటే వెలుగు ఒక్కసారే చెదిరి కెమెరాకొస్తది, లెక్క సాఫ్‌గ తేల్తది. కాబట్టి ఎన్ని నీళ్లల్ల ఎంత కలిపిన్రో టేబుల్ల చూసుకోకుంట నంబర్ ఎత్తుకోవద్దు.

బర్రె పాలు ఈ జెన్సెన్ టేబుల్ల లేవు. నేనైతే మలాయి తియ్యని పాల నంబర్లే తీస్కొని స్కాటరింగ్ కొంచెం పెంచుత, నీలంల పీల్చుకునేది కొంచెం తగ్గిస్త, ఎందుకంటే ఆవు పాలల్ల ఉండే పసుపు రంగు కెరోటిన్ బర్రె పాలల్ల ఉండదు. ఇది కొలిచింది కాదు, నా అందాజ, ఫైలుల అట్లనే రాసి పెట్టుకుంట.

ఇంటిపని: ఒక్కటే గ్లాసు, ఒక్కటే లైట్, రెండు రకాల పాలు పక్కపక్కన రెండర్ చెయ్యున్రి, నీలం తేడా కండ్లకు కనబడాలె. కనబడలేదంటే ముందుగాల యూనిట్లే చూస్కోన్రి. 5వ పాఠంల గద్వాల చీర జరీ, తిప్పితే మెరుపు మారే బట్టలకు డేటా ఏడుందో చూస్తం.