సోలార్ ప్యానెల్ అద్దానికి దుమ్ము ఎలా అంటుకుంటుంది? గీతలు పడకుండా ఎలా వదిలించాలి?

మధ్యాహ్నం ఎండలో డాబా ఎక్కి ప్యానెళ్ల మీద బోరు నీళ్లు కొట్టకండి. నేను మొదటి వేసవంతా అదే చేశాను, అద్దం నిండా గుండ్రటి తెల్ల మచ్చలు పడ్డాయి, గోటితో గీకినా రాలేదు. దుమ్ము ఎలా పట్టుకుంటుందో ముందే తెలిసుంటే ఆ పని చేసేవాణ్ణి కాదు.

పెద్ద రేణువులు చాలావరకు వాటి బరువుకే జారిపోతాయి. మొండికేసేది సన్న దుమ్ము, అంటే వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని రేణువులు. అంత చిన్నదానికి బరువు లెక్కలోకి రాదు, అద్దానికి బాగా దగ్గరైనప్పుడు అణువుల మధ్య పుట్టే వాండర్ వాల్స్ ఆకర్షణే దాన్ని పట్టేస్తుంది. పొడి గాలిలో విద్యుదావేశం కూడా తోడవుతుంది. కానీ అసలు జిగురు రాత్రి పట్టే మంచు! రాత్రిపూట అద్దం ఆకాశంలోకి వేడి వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది, చలికాలం పొద్దున్నే బండి సీటు తడిసి ఉంటుంది చూడండి, అలాగే దాని మీదా తడి చేరుతుంది. ఆ తడి రేణువును అద్దానికి లాగి పెడుతుంది, దుమ్ములోని లవణాలు అందులో కరుగుతాయి, ఎండెక్కాక నీరు ఆవిరైపోయి ఆ లవణాలే సిమెంటులా గట్టిపడతాయి.

కావాలంటే పాత ఫోటో ఫ్రేమ్ అద్దం ఒకటి ప్యానెల్ పక్కనే అదే వాలులో పది రోజులు పెట్టి, గట్టిగా ఊదండి. పైపై దుమ్ము లేస్తుంది, కింద బూడిదరంగు పొర మాత్రం తడి వేలితో రాస్తేనే వస్తుంది.

ఇక కడగడం.

1. తెల్లవారుజామునే మొదలుపెట్టండి. అప్పటికి మంచుకి పొర కాస్త మెత్తబడి ఉంటుంది, పైగా కాలిన అద్దం మీద చల్లటి నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. ముందు ఇన్వర్టర్ ఆపండి. పగిలిన ప్యానెల్ ఉంటే అసలు ముట్టుకోవద్దు, షాక్ కొడుతుంది.

2. నీళ్లు పోసి ఐదారు నిమిషాలు నాననివ్వండి. ఇది వదిలేసి పొడిగుడ్డతో తుడిస్తే అద్దం పాడైనట్టే, ఎందుకంటే దుమ్ములో ఉండే ఇసుక, అంటే క్వార్ట్జ్, మోస్ కాఠిన్య స్కేలు మీద 7, అద్దం సుమారు 5.5. అంటే ఇసుకతో అద్దాన్ని తోమినట్టు.

3. పొడుగు కర్రకి మెత్తటి స్పాంజి కట్టి పైనుంచి కిందికి తుడవండి. ప్యానెల్ మీద ఎక్కి నిలబడొద్దు, గిన్నెలు తోమే పీచు, సర్ఫు వద్దు. పిట్ట రెట్ట ఉంటే తడిగుడ్డ కప్పి పది నిమిషాలు వదిలేయండి.

4. కింది ఫ్రేమ్ అంచు దగ్గర ఆగి చూడండి. నీరు అక్కడే నిలిచి ఆరి బురద గీత కడుతుంది. ప్యానెల్‌లో కరెంటు పుట్టించే చిన్న పలకలు, అంటే సెల్స్, వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఆ గీత వల్ల అట్టడుగు వరస ఒక్కదానికి నీడ పడినా దాంతో కలిసిన మిగతా సెల్స్ కరెంటు కూడా తగ్గిపోతుంది. అందరూ మర్చిపోయేది ఈ అంచునే.

5. బోరు నీళ్లలోనూ లవణాలుంటాయి, అవి తప్పకపోతే చివరి మగ్గులు మాత్రం వాన నీళ్లో మంచినీళ్లో పోసి, వెంటనే రబ్బరు వైపర్‌తో లాగేయండి, బిందువులు ఆరితే మళ్లీ మచ్చలే.

జల్లు పడింది కదా అని వదిలేయకండి, చిరుజల్లు దుమ్మును బురద చుక్కలు చేసి పోతుంది. కడగక ముందు ఒక మబ్బులేని రోజు యూనిట్లు, కడిగాక అలాంటి మరో రోజు యూనిట్లు ఇన్వర్టర్ యాప్‌లో పక్కపక్కన పెట్టి చూడండి, మీ ఇంటికి ఎన్నాళ్లకోసారి కడగాలో ఆ తేడానే చెప్తుంది.