నట్టల మందు తాగించినా గొర్రె దవడ కింద నీరు తగ్గకపోతే

నెల్లూరు జిల్లా మెట్టలో, ముఖ్యంగా ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వానల తర్వాత గొర్రెల్లో నట్టల (కడుపులోని పురుగుల) బెడద ఎక్కువవుతుంది. మందు పట్టినా జీవాలు కోలుకోనప్పుడు, ఇంకా ఖరీదైన మందు కొని మంద మొత్తానికి పట్టాలని తొందరపడకూడదు. మన చేతిలో ఉన్న మందుల వర్గాలు (ఒకే తీరుగా పనిచేసే మందుల గుంపులు) కొన్నే కాబట్టి, అసలు కారణం తేలిన తర్వాతే మందు మార్చాలి.

లక్షణం: కంటి కింది రెప్ప లోపలి పొర పాలిపోయింది, దవడ కింద నీరు దిగింది, పెంటికలు మాత్రం గట్టిగానే ఉన్నాయి

ఇది ఎక్కువగా హీమాంకస్ అనే గుండ్రటి నట్ట పని. ఇది గొర్రె నాలుగో పొట్టలో ఉండి రోజుకు సుమారు 0.05 మి.లీ. రక్తం తాగుతుంది, అంటే వెయ్యి నట్టలున్న గొర్రె రోజుకు 50 మి.లీ. రక్తం కోల్పోతుంది. నట్టలు చచ్చినా, పోయిన రక్తం తిరిగి పట్టడానికి సమయమూ, మంచి మేపూ కావాలి. అందువల్ల వాపు ఇంకా ఉన్నంత మాత్రాన మందు పనిచేయలేదని తీర్మానించరాదు.

మందు నిజంగానే పనిచేయకపోతే మొదట అనుమానించవలసింది మోతాదును. మి.లీ.కు 25 మి.గ్రా. ఉండే ఆల్బెండజోల్ ద్రావణాన్ని కిలో బరువుకు 7.5 మి.గ్రా. చొప్పున 40 కిలోల జోడిపి రకం పొట్టేలుకు 12 మి.లీ. పట్టాలి. కంటి అంచనాతో దాన్ని 25 కిలోలుగా లెక్కిస్తే పడేది ఏడున్నర మి.లీ. మాత్రమే. ఆ చాలీచాలని మందుకు బలహీనమైన నట్టలు చచ్చి, తట్టుకోగలిగినవి మిగిలి గుడ్లు పెడతాయి. నిరోధకత, అంటే నట్టలు మందుకు లొంగకపోవడం, పెరిగే దారుల్లో ఇది ముఖ్యమైనది. కాబట్టి కాటా వేసి, పిల్లలను, తల్లి గొర్రెలను, పొట్టేళ్లను వేరు చేసి, ఒక్కొక్క గుంపులో అన్నిటికంటే బరువైన జీవాన్ని బట్టి మోతాదు నిర్ణయించాలి. మందు నాలుక వెనుక భాగంలో పడేలా పట్టాలి. మేకల శరీరం ఈ మందులను త్వరగా వదిలించుకుంటుంది కనుక గొర్రెల మోతాదు వాటికి చాలదు. పశువైద్యుని అడిగి పట్టాలి.

లక్షణం: దుర్వాసనతో పారుడు, చెరువు లోతట్టులో మేసిన మంద

నీరు తీసిన చెరువు గట్ల వెంట నత్తలుంటాయి, వాటి ద్వారా జలగలు (గొర్రె శరీరం లోపల బతికే చదునైన నట్టలు) వస్తాయి. పిల్ల జలగల మీద ఆల్బెండజోల్ పనిచేయదు. ఇది నిరోధకత కాదు, మందు ఎంపికలో పొరపాటు. పెంటికలు పరీక్షించి, జలగలకు తగిన మందు రాయించుకోవాలి.

లక్షణం: మోతాదు సరిగ్గా ఉంది, నట్టలు మాత్రం పోవడం లేదు

గడ్డి మీద నుంచి కొత్తగా లోపలికి వెళ్లిన హీమాంకస్ గుడ్లు పెట్టడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. కాబట్టి మందు పట్టిన 14వ రోజు పెంటికల్లో కనిపించే గుడ్లు కొత్త నట్టలవి కావు, మందును తట్టుకుని బతికినవాటివి. పది పదిహేను జీవాలకు గుర్తు పెట్టి, మందు పట్టే రోజునా, 14వ రోజునా వాటి పెంటికలను పశు వైద్యశాలలో పరీక్షింపజేయాలి. గుడ్ల సంఖ్యలో తగ్గుదల 95 శాతం కంటే తక్కువైతే నిరోధకతను అనుమానించాలి.

అప్పుడు కంపెనీని కాదు, వర్గాన్ని మార్చాలి. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ ఒకే వర్గానివి కనుక ఒకటి పనిచేయనిచోట రెండోది పెద్దగా అక్కరకు రాదు. లెవామిసోల్, ఐవర్‌మెక్టిన్, క్లోసాంటెల్ వేర్వేరు వర్గాలవి. వీటిలో ఏదైనా మంద మొత్తానికి పడితే, కొద్ది కాలానికి దానికీ లొంగని నట్టలే మిగులుతాయి. దక్షిణాఫ్రికాలో రూపొందిన కంటి రెప్ప రంగుల పట్టిక ఇక్కడ ఎంతో ఉపయోగపడుతుంది: వానల కాలంలో రెండు వారాలకోసారి రెప్ప చూసి, పాలిపోయిన జీవాలకే మందు పట్టి, ఎర్రగా ఉన్నవాటిని వదిలేయాలి. వదిలేసినవాటి నట్టల గుడ్లు గడ్డిలో కలిసి, నిరోధక నట్టల వాటాను పెరగనివ్వవు. మండు వేసవిలో గడ్డి మీది పిల్ల నట్టలు ఎక్కువగా చచ్చిపోతాయి; ఆ సమయంలో అన్నిటికీ మందు పడితే మిగిలేవి నిరోధక నట్టలే కనుక అది మరింత ప్రమాదకరం.

సంతలో కొన్న పొట్టేలును నేరుగా మందలో కలపకూడదు. రెండు వేర్వేరు వర్గాల మందులు పట్టించి, కనీసం రెండు రోజులు దొడ్డిలోనే విడిగా మేపి, ఆ పెంటికలను మేత భూమికి దూరంగా వేయాలి. చూడి గొర్రెలకు మొదటి నెలలో ఆల్బెండజోల్ పట్టరాదు. క్లోసాంటెల్ మోతాదు మించితే గొర్రెలకు చూపు పోయే ప్రమాదం ఉంది కనుక, ఆ మందును తూకం చూడకుండా ఎప్పుడూ పట్టవద్దు.