పాత ఇంటి ఫోటో బాగుచేసి రంగులద్దడం

ఫ్రేములోని ఫోటో గాజుకి అంటుకుపోయి ఉంటే ఊడబెరక్కండి. కావలి, కొత్తపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇది మామూలే. ఫోటో పైపొర జెలటిన్. తేమకి మెత్తబడి గాజుని పట్టుకుంటుంది, ఆరాక బిగుసుకుంటుంది. లాగారంటే ముఖం గాజు మీదే ఉండిపోతుంది, చేతికి కాగితం వస్తుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానులాంటి వాటికి తడిసిన ఫోటోలైతే మరీ జాగ్రత్త.

వెనక అట్ట, మేకులు మాత్రం తీసి, గాజుతోనే కాపీ తీయండి. కెమెరా ఫోటోకి సూటిగా ఉండాలి. రెండు పక్కలా 45 డిగ్రీల్లో ఒకే రకం దీపాలు పెట్టి, గదిలో మిగతా లైట్లు ఆర్పండి. లెన్సు పట్టేంత రంధ్రం చేసిన నల్లగుడ్డ కెమెరా ముందు కడితే గాజులో మీ నీడ పడదు. తడిగుడ్డతో తుడవడం అసలొద్దు, చేత్తో రంగులేసిన పాత ఫోటోలైతే ఆ రంగులు కరిగిపోతాయి. దుమ్ముకి మెత్తటి బ్రష్షు చాలు. మళ్లీ ఫ్రేము కట్టించేటప్పుడు, అంటుకోని ఫోటోలకి గాజు తగలకుండా మధ్యలో మౌంటు (అట్ట చట్రం) పెట్టమనండి. లామినేషన్ వద్దు.

విడిగా ఉన్న ఫోటోని పోస్టుకార్డు సైజైతే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), పాస్‌పోర్టు సైజైతే 1200లో స్కాన్ చేసి టిఫ్‌గా (నాణ్యత తగ్గని ఫైలు రకం) దాచండి. 3.5 × 4.5 సెంటీమీటర్ల ఫోటోని 1200లో తీస్తే, 300 డీపీఐ ప్రింటు దాదాపు 5.5 × 7 అంగుళాలు వస్తుంది. బ్లాక్ అండ్ వైటైనా సరే, కలర్ మోడ్‌లోనే తీయాలి. కలర్ స్కానులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు ఛానెళ్లు, అంటే మూడు విడి బొమ్మలు ఉంటాయి. పసుపు మరకలు నీలం ఛానెల్లో నల్లగా కనపడతాయి, ఎరుపు ఛానెల్లో దాదాపు మాయమవుతాయి. కాబట్టి ఎరుపు ఛానెల్ ఒక్కటే తీసుకుంటే సగం పని అయిపోయినట్టే. నీలిసిరా గీతలుంటే నీలం ఛానెల్ చూడండి. గ్రేలో స్కాన్ చేస్తే ఈ వీలు పోతుంది.

ఇక ఫోటోషాప్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పని. ముందు లెవెల్స్ (వెలుగునీడల సర్దుబాటు), తర్వాత గీతలు. చర్మం మీద, గోడ మీద గీతలకి హీలింగ్ బ్రష్షు, ఇది చుట్టూ ఉన్నదానితో కలిపేస్తుంది. జడ అంచు, చీర అంచు లాంటి చోట్ల క్లోన్ స్టాంపు, ఇది పక్కభాగాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేస్తుంది. అక్కడ హీలింగ్ వాడితే అంచు అలుక్కుపోతుంది. పోయిన కంటికి రెండో కంటిని తిరగేసి అతికించొద్దు, వెలుగు తప్పు వైపు నుంచి పడుతుంది. అదే మనిషి వేరే ఫోటో వెతకండి. జీఎఫ్‌పీగాన్ లాంటి ఏఐ పనిముట్లు పాత ముఖాన్ని తిరిగి తేవు, తాము నేర్చుకున్న ముఖాల్లోంచి కొత్తది గీస్తాయి. పుట్టుమచ్చ, మెల్లకన్ను పోయి తాతయ్య ఇంకెవరోలా తేలతాడు. ఆ ఫలితాన్ని వేరే లేయరులో (ఫోటో పైన పరిచే పొర) పెట్టి, దాని ఒపాసిటీ (ఎంత గట్టిగా కనపడాలో) 30 శాతం దాటనివ్వకండి.

ఇక రంగులు. రంగులేసే కొత్త లేయరు మోడ్ (కింది ఫోటోతో కలిసే తీరు) ఫోటోషాప్‌లో కలర్, జింప్‌లో ఎల్‌సీహెచ్ కలర్. పాత స్టూడియోల్లో వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకి ఎరుపు కనపడదు. అందుకే కుంకుమబొట్టు నల్లగా, లేతనీలం చీర తెల్లగా పడతాయి, చర్మం కూడా అసలుకంటే నల్లగా వస్తుంది. తనంతట తానే రంగులేసే ఏఐకి ఇదేమీ పట్టదు. ఎర్రచీరకి గోధుమరంగు వేసేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లని "చీర ఏ రంగు?" అంటే గుర్తులేదంటారు, "వంగపండు రంగా, చిలకపచ్చా?" అని అడగండి. చీర బీరువాలో ఉంటే పగటివెలుగులో ఫోటో తీసి రంగు ఎత్తుకోండి. చర్మానికి ఒకే రంగు పూస్తే మైనపు బొమ్మే: నుదుటికి కాస్త పసుపు, బుగ్గలకి, చెవులకి ఎరుపు కలపాలి. నగల్లో మెరుపు లేతగా, నీడ గోధుమగా ఉండాలి. తెల్లపంచె నీడల్లో కొంచెం నీలం. లేయరు ఒపాసిటీ 40 నుంచి 60 శాతం మధ్య చూసుకోండి.

ఏ రంగులు పెద్దవాళ్లు చెప్పినవో, ఏవి మీరు ఊహించినవో ఫైలు పక్కన రాసి పెట్టండి. 8 × 10 ప్రింటుకి 2400 × 3000 పిక్సెళ్లు కావాలి. లాబ్‌లో ఆటో కరెక్షన్ ఆపమని చెప్పకపోతే, మీరు తగ్గించి వేసిన రంగుల్ని వాళ్ల మెషీను మళ్లీ పెంచేస్తుంది.