కుక్కపిల్లకి, పిల్లికి టీకాలు: ఏది ఎప్పుడు వేయించాలి, బుక్‌లో ఏం చూస్కోవాలి

కుక్కపిల్లని తెచ్చుకున్న చాలామంది చెప్పే మాట ఒకటే, "అమ్మినాయన ఆల్రెడీ ఒక ఇంజెక్షన్ వేయించేశాడంట, ఇంక వచ్చే ఏడాది చూస్కుందాం" అని. మా మొదటి లాబ్రడార్ పిల్ల విషయంలో నేనూ అదే అనుకున్నా. 40 రోజుల పిల్ల, చేతిలో ఒక టీకాల బుక్ పెట్టాడు, అందులో పెన్నుతో తేదీ, గీతలాంటి సంతకం, అంతే. పదో రోజుకి తిండి మానేసింది, వాంతులు, ఆ రాత్రికి రక్తం కలిసిన విరేచనాలు, ఆ వాసన ఒక్కసారి తెలిస్తే జన్మలో మర్చిపోరు. పార్వో అన్నారు డాక్టర్‌గారు, పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు. ఐదు రోజులు సెలైన్ ఎక్కించాం, దక్కలేదు.

అందుకే ముందు బుక్ దగ్గర్నుంచి మొదలెడతా. నిజంగా టీకా వేస్తే ఆ సీసా మీదుండే చిన్న స్టిక్కర్ పీకి బుక్‌లో అంటిస్తారు, దాని మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ ఉంటాయి. కాంబో టీకా, అంటే చాలా జబ్బులకి కలిపి ఒకటే ఇంజెక్షన్, అదైతే ఎక్కువగా రెండు సీసాలుంటాయి, ఒకదాంట్లో గడ్డకట్టిన పొడి, ఇంకోదాంట్లో నీళ్ళలాంటి మందు, రెండూ మీ ముందే కలిపి సిరంజిలోకి లాగాలి. స్టిక్కరూ, డాక్టర్ స్టాంపూ లేకపోతే ఆ డోసు పడలేదనే లెక్కేస్కోండి, మళ్ళీ వేయించినా ఏం నష్టం లేదు.

సరే, ఒకటి వేస్తే చాలదా, ఎందుకిన్నిసార్లు అని అందరికీ డౌటే. పిల్ల పుట్టగానే తాగే ముర్రుపాలల్లో తల్లి నుంచి రక్షణ వస్తుంది, ఆ రక్షణ ఉన్నన్నాళ్ళు మనం వేసే టీకాని కూడా అదే అడ్డుకుంటుంది. అదెప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా, ఒకదానికి 8 వారాలకే అయిపోతుంది, ఇంకోదానికి 14 వారాల దాకా ఉంటుంది, బయటికి చూస్తే తెలీదు. అందుకే 3, 4 వారాలకోసారి వేసుకుంటూ పోతాం. ఈ లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైంది చివరి డోసు, అది 16 వారాలు నిండాక పడాలి. మనోళ్ళు ఎక్కువగా ఎగ్గొట్టేదీ అదే, ఎందుకంటే అప్పటికి పిల్ల బొద్దుగా హుషారుగా ఉంటుంది కదా, ఇంకెందుకులే అనిపిస్తుంది.

కుక్కపిల్లకి ప్లాన్ ఇలా ఉంటుంది. 6 వారాలకి పప్పీ డీపీ అని డిస్టెంపర్ (ఊపిరితిత్తులకి, మెదడుకి పాకే వైరస్ జబ్బు), పార్వో రెంటికే ఉండేది, ఇది దొరికితే వేయిస్తారు. 8, 9 వారాలకి సెవెన్ ఇన్ వన్ లేదా నైన్ ఇన్ వన్ అంటారే ఆ కాంబో, మళ్ళీ 12 వారాలకి, మళ్ళీ 16కి. నోబివాక్, మెగావాక్, వాన్‌గార్డ్ ఇలా చాలా బ్రాండ్లున్నాయి, బ్రాండ్ గురించి కొట్టుకోనక్కర్లేదు, ఫ్రిజ్‌లో ఉందా లేదా అదే ముఖ్యం. రేబిస్ టీకా 3 నెలలు నిండాక ఒకటి, నెల తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఏటా. ఏడాది నిండాక కాంబో బూస్టర్. ఆ తర్వాత డిస్టెంపర్, పార్వోకి 3 ఏళ్ళకోసారి చాలని అంతర్జాతీయ గైడ్‌లైన్స్ చెప్తాయి, కానీ అందులోనే ఉండే లెప్టోకి మాత్రం ఏటా కావాలి, అది ఎలుకల మూత్రం నుంచి వచ్చేది, మనుషులకీ అంటుతుంది, వానాకాలం మన వీధుల్లో నీళ్ళు నిలబడతాయి కదా, అది మానకండి. పెద్ద కుక్కని రోడ్డు మీంచి తెచ్చుకుంటే, పాత సంగతులేం తెలీకపోతే, కాంబో రెండు డోసులు 3, 4 వారాల తేడాతో, రేబిస్‌తో పాటు.

పిల్లికి ట్రైక్యాట్ లాంటిది, అంటే మూడు జబ్బులకి కలిపి ఒకటి, అందులో అసలు భయపడాల్సింది పాన్‌ల్యూకోపీనియా, పిల్లుల పార్వో అనుకోండి. 8, 9 వారాలకి మొదలెట్టి 12కి, 16కి, 3 నెలలు దాటాక రేబిస్. "మా పిల్లి ఫ్లాట్ దాటదండీ" అంటారు, పిల్లి దాటకపోయినా మన చెప్పులు దాటుతాయిగా, ఆ వైరస్ వాటికంటుకునే లోపలికొస్తుంది. పిల్లికి ఇంజెక్షన్ మెడ వెనక కాకుండా కాలి కింది భాగంలో వేయమని అడగండి, ఎందుకంటే చాలా అరుదుగా వేసిన చోట గడ్డ మొదలవుతుంది, కాలి దగ్గరైతే ట్రీట్‌మెంట్ తేలిక. 3 నెలలైనా గడ్డ పోకపోయినా, 2 సెంటీమీటర్లు దాటినా, నెల తర్వాత కూడా పెరుగుతున్నా చూపించాల్సిందే.

టీకాకి వారం పది రోజుల ముందు నులిపురుగుల మందు పట్టించండి, బరువు తూచి డాక్టర్ చెప్పినంతే. జ్వరం, విరేచనాలు ఉన్న రోజు, చూడి మీదున్నప్పుడు టీకా అడక్కండి, ముందు చూపించి తర్వాత డేట్ తీస్కోండి. పిల్లిని చేతుల్లో ఎత్తుకుని ఆటో ఎక్కొద్దు దయచేసి, నేనెక్కా, బెంజ్ సర్కిల్ దగ్గర హారన్‌కి నా భుజం మీంచి వెనక సీటు సందులోకి దూరింది, ఆటోవాలా సీటు విప్పాల్సొచ్చింది. క్యారియర్ లేకపోతే రెండు ప్లాస్టిక్ కూరగాయల బుట్టలు ఒకదానిమీద ఒకటి బోర్లించి తాడుతో కట్టండి, లోపల మీ పాత లుంగీయో నైటీయో వేస్తే ఆ వాసనకి కాస్త కుదురుగా ఉంటుంది.

టీకా ఎప్పుడూ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఎండ తగిలినా పాడే, ఫ్రీజర్‌లో గడ్డకట్టినా పాడే. మే నెలలో మెడికల్ షాపులో కొని ప్యాంటు జేబులో వేస్కుని పోయేవాళ్ళని చూశా, దానికన్నా నీళ్ళు పొడిపించుకోవడం నయం. కొని తెమ్మన్నారంటే ఐస్ ముక్కలు కవర్లో కట్టి ఫ్లాస్కులో పెట్టి, సీసా నేరుగా ఐస్‌కి తగలకుండా గుడ్డ చుట్టి తీస్కెళ్ళండి. ఇంట్లో మీరే పొడవడం మాత్రం వద్దు.

వేయించాక అరగంట అక్కడే కూర్చోండి. మొహం, పెదాలు వాచినా, గబగబా వాంతులైనా, చిగుళ్ళు తెల్లబడి తూలినా వెంటనే లోపలికి పరిగెత్తాలి, అదే ఇంట్లో జరిగితే టైం ఉండదు. ఒకరోజు డల్‌గా పడుకోవడం, కొంచెం ఒళ్ళు వెచ్చబడటం మామూలే, పారాసెటమాల్ అస్సలు వేయకండి, పిల్లికైతే ఒక్క బిళ్ళకే ప్రాణం పోతుంది. నాలుగైదు రోజులు స్నానం ఆపండి.

చివరి డోసు పడి రెండు వారాలయ్యేదాకా పిల్లని వీధిలో నేల మీద దింపకండి, ఎత్తుకుని తిప్పండి, మనుషుల్నీ బండ్లనీ చూడనివ్వండి. ఇంట్లో ముందు పార్వో వచ్చిన కుక్క ఉంటే ఫినాయిల్‌తో తుడిచి అయిపోయిందనుకోవద్దు, ఆ వైరస్ నెలల తరబడి నేలలో ఉంటుంది, ఫినాయిల్‌కి చావదు. సబ్బుతో కడిగి, ఆరాక లిక్విడ్ బ్లీచ్ 1 వంతుకి 30 వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు నిలవనివ్వాలి, యాసిడ్‌తో కలపకండి, ఆ పొగ మనకే ప్రమాదం.

డబ్బు ఇబ్బందైతే పశువుల ఆసుపత్రికి వెళ్ళండి, జూలై 6 జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల గురించిన రోజు) నాడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రేబిస్ టీకా ఫ్రీగా వేస్తుంటారు, 1885లో పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లాడికి ఈ టీకా వేసిన రోజది. పొద్దున్నే వెళ్ళండి, లైను మామూలుగా ఉండదు.

ఇంకోటి, టీకాలన్నీ వేసిన మన కుక్కే ఆడుకుంటూ పన్ను గుచ్చినా పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి డాక్టర్‌కి చూపించుకోండి, పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టొద్దు. బుక్ చూపిస్తే ఏం చేయాలో వాళ్ళు చెప్తారు.

ఆ బుక్ ప్రతి పేజీ ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి, తర్వాతి తేదీకి వారం ముందు అలారం కూడా. హైదరాబాద్‌లో కుక్కకి లైసెన్స్ తీస్కోవాలన్నా రేబిస్ సర్టిఫికెట్ అడుగుతారు. ఒరిజినల్ బీరువాలో పెట్టండి, మా పిల్లి తన బుక్‌లో రేబిస్ పేజీ మూల కొరికేసింది, స్టిక్కర్ సగమే మిగిలింది.