పెద్దయ్యాక సైకిల్ నేర్చుకోవాలంటే ముందు పెడల్స్ పీకేయండి

సర్కారు బడి లైబ్రరీకి డబ్బులు పోగు చేయడానికి జనవరిలో 30 కిలోమీటర్ల సైకిల్ రైడ్ ఉంది, ఎవరొస్తారు అని తెలిసినవాళ్లు అడిగితే, నాకసలు సైకిలే రాదన్న సంగతి గుర్తుకు రాకముందే నేను వస్తానని చెప్పేశాను. అప్పటికి నాకు 39 ఏళ్లు. చిన్నప్పుడు తమ్ముడికి సైకిల్ కొన్నారు, నాకు కొనలేదు, అంతే కథ. చేతిలో మూడు నెలలున్నాయి. మీరూ ఇలాగే ఇరుక్కుంటే, నాకు పనికొచ్చినవి చెప్తాను.

కొత్త సైకిల్ కొనకండి, తెలిసినవాళ్లది అడిగి తెచ్చుకోండి. అడ్డ బార్ లేనిదైతే ఎక్కడం దిగడం సులువు. సీటు పూర్తిగా దించేసి, కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనేలా పెట్టుకోండి. తర్వాత రెండు పెడల్స్ తీసేయించండి. షాపతను "పెడల్స్ పీకి ఏం తొక్కుతరు మేడం?" అని నవ్వుతాడు, నవ్వనివ్వండి. ఇంట్లోనే తీయాలంటే చాలా సైకిళ్లకు 15 నంబరు పానా సరిపోతుంది, కానీ ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక మా ఆయన దాన్ని అరగంట సేపు ఇంకా గట్టిగా బిగించాడు.

పెడల్స్ ఎందుకు తీయాలంటే, మనకు రానిది తొక్కడం కాదు, బ్యాలెన్స్. రెండూ ఒకేసారి నేర్చుకోబోతే రెండూ రావు. నేను హన్మకొండలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు పొద్దున్నే వెళ్లేదాన్ని. మొదటి రోజు సీటు మీద కూర్చుని ఊరికే నడిచాను, మర్నాడు పెద్ద పెద్ద అంగలు, ఆ తర్వాత నేలను గట్టిగా తన్ని రెండు కాళ్లూ ఎత్తేయడం. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకోండి. కాళ్లు దించకుండా పది దాకా లెక్కపెట్టగలిగితే బ్యాలెన్స్ వచ్చినట్టే. నాకు నాలుగు రోజులు పట్టింది, కొందరికి ఒక్క పూటలో వస్తుంది. సైకిల్ ఎటు ఒరిగితే హ్యాండిల్ అటే కొంచెం తిప్పాలి. భయంతో అవతలి వైపు తిప్పితే పడిపోతాం. బ్రేకులు కూడా ఇప్పుడే అలవాటు చేసుకోండి, రెండూ కలిపి మెల్లగా నొక్కాలి, ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేస్తే వెనక చక్రం లేస్తుంది.

అన్నిటికన్నా కష్టం చూపు. నేను ముందు చక్రం వైపే చూస్తూ ఊగిపోతుంటే, అక్కడ క్రికెట్ ఆడే పిల్లాడొకడు "ఆంటీ, కింద ఏమన్న పడిపోయిందా, గట్ల చూస్తున్నవ్?" అన్నాడు. ఒళ్లు మండింది కానీ వాడు చెప్పిందే నిజం, తలెత్తి దూరంగా ఒక చెట్టును చూస్తే సైకిల్ దానంతటదే నిలబడింది. నడకకొచ్చేవాళ్లు అందరూ తలా ఒక సలహా ఇస్తారు. మూడో రోజుకు వాళ్లకే విసుగొచ్చి మానేస్తారు, అందుకని సిగ్గుతో చీకట్లో నేర్చుకోవాలని మాత్రం చూడకండి.

పెడల్స్ మళ్లీ బిగించాక, కుడి పెడల్‌ను కొంచెం పైకి, ముందుకు ఉండేలా పెట్టి, దాని మీద బరువేసి తొక్కి, సైకిల్ కదిలాక రెండో కాలు పెట్టండి. చున్నీ నడుముకు ముడేసుకోండి, ప్యాంటు అంచు మడవండి, లేకపోతే చైన్ లాగేస్తుంది. హెల్మెట్ ముందు అంచు కనుబొమ్మలకు రెండు వేళ్లు పైన ఉండాలి, నుదురు మొత్తం కనిపించేలా వెనక్కి పెట్టుకుంటే అది టోపీ, అంతే.

ధైర్యం వచ్చాక సీటు కొంచెం కొంచెం పెంచండి. పెడల్ బాగా కిందికి ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా అవ్వాలి, అదీ ఎత్తు. సీటు దించే ఉంచి దూరాలు తొక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. రోడ్డు మీదికి మొదటిసారి ఖిలా వరంగల్ వైపు ఆదివారం పొద్దున వెళ్లాను, తోరణాల దగ్గర ఆ వేళకు బండ్లు తక్కువ. ఎత్తు ఎక్కడం కోసం కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి, అదీ తెల్లవారుజామునే, తర్వాత బస్సుల మధ్య మన వల్ల కాదు. ములుగు రోడ్డు జోలికి కొత్తలో పోవద్దు, లారీలు ఎక్కువ, మేడారం జాతర వచ్చే ఏడాదైతే అసలే వద్దు.

దూరం వారం వారం కొద్దిగానే పెంచండి. 5 కిలోమీటర్ల నుంచి మొదలుపెట్టి, రైడ్‌కు వారం ముందు ఒక్కసారి 25 తొక్కితే చాలు. టైరులో గాలి ఎంతుండాలో టైరు పక్కనే రాసి ఉంటుంది. గాలి తక్కువుంటే సగం బలం అక్కడే పోతుంది. దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్యలో రెండు గుక్కలు తాగండి. మొదటి వారం సీటు మీద కూర్చోలేనంత నొప్పి ఉంటుంది, తగ్గుతుంది.

డబ్బుల సంగతి. సైకిల్ వచ్చాక అడుగుదాం అనుకోకండి, రాకముందే అడగండి. "నాకు సైకిల్ రాదు, నేర్చుకుని 30 కిలోమీటర్లు తొక్కుతా, కిలోమీటరుకు 10 రూపాయలు ఇస్తారా" అంటే కాదనేవాళ్లు తక్కువ, పైగా ఆ తర్వాత మనం మానేయడానికి ఉండదు. డబ్బులు మీ ఫోన్‌పేకు వేయించుకోకండి, రైడ్ నడిపేవాళ్ల ఖాతాకే నేరుగా వేయమనండి, ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో ఇచ్చినవాళ్లకు చెప్పండి.

రైడ్ రోజు చేతకాని చోట దిగి నెట్టుకుంటూ నడవండి, ఎవరూ ఏమీ అనరు. "ఇంట్ల కూసుంటే వెయ్యి ఇస్త" అన్న మా అత్తమ్మ, నేను రెండు చోట్ల నడిచిన దూరాన్ని కూడా కలిపి లెక్కగట్టి మూడొందలు ఇచ్చింది.