సరైన బ్రా ఎంపిక, మూడో పాఠం: ఒకే లెక్కలో ఉండండి

గత పాఠంలో రొమ్ముల కింద ఒక చుట్టు, రొమ్ముల మీదుగా ఒక చుట్టు కొలిచి, ఆ రెండు అంకెలనూ కాగితం మీద రాసి ఉంచుకోమని చెప్పాను. ఆ కాగితంతో దుకాణానికి వెళ్లినవారిలో కొందరు ఒంటికి పట్టని బ్రాతో, మరికొందరు వట్టి చేతులతో తిరిగి వచ్చారని తెలిసింది. "34ఇ అడిగాను, అలాంటి సైజే రాదని చెప్పి పంపేశారు" అని రాసిన సోదరి ఒక్కరే కాదు, దాదాపు అదే మాట ఇంకా చాలామంది రాశారు. అంతమంది ఒకే చోట తడబడ్డారంటే తప్పు పాఠంలోనే ఉంది. కొలతను సైజుగా మార్చే రెండు పద్ధతులను నేను పక్కపక్కనే వివరించాను గానీ, ఆ రెండింటినీ కలపకూడదన్న ముఖ్యమైన మాట చెప్పలేదు. అందువల్ల ఈసారి చెప్పదలచిన గుడ్డ రకాలు, కప్పుల కుట్లు వచ్చే పాఠానికి జరుగుతున్నాయి.

ముందుగా కొలతలోనే జరిగిన పొరపాట్లను క్లుప్తంగా చూద్దాం. ఒంటరిగా కొలుచుకున్నవారిలో చాలామందికి టేపు వీపు వైపు పైకి జారింది. అలా జారితే కింది చుట్టు ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది కనుక అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడి, టేపు నేలకు సమాంతరంగా ఉందో లేదో చూసుకోవాలి. ఇంట్లో అక్కో చెల్లెలో ఉంటే వెనక పట్టుకోమనడం ఇంకా మేలు. కింది చుట్టును ఊపిరి వదిలి బిగువుగా తీసుకోవాలి, అయితే టేపుకు పైనా కిందా చర్మం ఉబ్బేంతగా లాగకూడదు. పై చుట్టును మాత్రం టేపు ఆనీ ఆననట్టు తీసుకోవాలి. ప్యాడ్లున్న బ్రా మీద కొలిస్తే ప్యాడ్ల మందం కూడా లెక్కలోకి వస్తుంది కనుక పలుచని, ప్యాడ్లు లేని బ్రా మీదే కొలవాలి. రొమ్ములు బాగా కిందికి దిగి ఉన్నవారు నిలబడి ఒకసారి, నడుము వంచి ఒకసారి కొలిచి, రెండు అంకెల సగటు తీసుకోవాలి. నెలసరికి ముందు రోజుల్లో రొమ్ములు కొంత వాస్తాయి కనుక నెలసరి అయిపోయిన వారంలో కొలుచుకోవడం మంచిది.

ఇక అసలు చిక్కు దగ్గరకు వద్దాం. బ్రా లేబుల్ మీద ఉండే 34 అన్నది 34 అంగుళాల కొలత కాదు. అది ఒక సైజుల వరుసకు పెట్టిన పేరు మాత్రమే. మన దుకాణాల్లో 34 అని రాసి ఉండే బ్రా, యూరప్ లెక్కలో 75. ఆ 75 మాత్రం నిజమైన కొలతే: రొమ్ముల కింద 75 సెంటీమీటర్ల చుట్టు, అంటే సుమారు ఇరవై తొమ్మిదిన్నర అంగుళాలు. పేరుకూ కొలతకూ మధ్య ఉన్న ఈ నాలుగైదు అంగుళాల తేడా వల్లనే "కింది చుట్టు సరి అంకె అయితే నాలుగు, బేసి అంకె అయితే అయిదు కలపండి" అనే పాత సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆ సూత్రంలో అలా కలిపితే వచ్చిన మొత్తమే బ్యాండు సైజు, అంటే రొమ్ముల కింద ఒంటిని చుట్టే పట్టీ సైజు. కప్పు అక్షరం కోసం పై చుట్టులోంచి ఆ మొత్తాన్ని తీసివేయాలి. ఒక అంగుళం మిగిలితే ఏ, రెండు మిగిలితే బి, మూడు మిగిలితే సి, నాలుగు మిగిలితే డి.

బ్రిటన్‌లో పెద్ద కప్పులు కుట్టే కంపెనీలు కొన్ని, వాటిని అనుసరించే ఇంటర్నెట్ లెక్కలు చాలా, ఏమీ కలపవద్దంటాయి. కింది చుట్టు 30 అంగుళాలైతే బ్యాండు కూడా 30. కప్పు కోసం పై చుట్టులోంచి ఆ 30నే తీసివేస్తారు. అక్కడి అక్షరాలు ఏ, బి, సి, డి, డిడి, ఇ అని సాగుతాయి, ఒక్కో అక్షరానికి ఒక్కో అంగుళం.

ఇప్పుడు కింది చుట్టు 30, పై చుట్టు 36 అంగుళాలు ఉన్న ఒక స్త్రీని తీసుకుందాం. నాకు వచ్చిన కొలతల్లో ఎక్కువ భాగం ఈ దగ్గరలోనే ఉన్నాయి. పాత సూత్రం ప్రకారం 30కి నాలుగు కలిపితే 34, ముప్పై ఆరులోంచి 34 పోతే రెండు, కాబట్టి ఆమె సైజు 34బి. బ్రిటన్ లెక్కలో బ్యాండు 30, తేడా ఆరు, కాబట్టి 30ఇ. అంకెలు వేరుగా కనిపించినా దేని దారిలో అది సక్రమంగా నడిచింది. మన చదువరులు చేసినది ఏమిటంటే, బ్యాండును పాత సూత్రం నుంచి 34గా తీసుకుని, అక్షరాన్ని బ్రిటన్ లెక్క నుంచి ఇ గా తీసుకున్నారు. అలా పుట్టిందే ఆ దొరకని 34ఇ. అది దొరికి ఉన్నా ప్రయోజనం లేదు, ఎందుకంటే ఆ కప్పు పై చుట్టు 40 అంగుళాలు ఉన్నవారికి కుట్టినది, మన స్త్రీకి నాలుగు అంగుళాలు ఎక్కువ. ఇంకొందరు దీనికి తలకిందులుగా, బ్యాండు 30 అనీ కప్పు బి అనీ రాసుకున్నారు. 30బి కప్పు పై చుట్టు 32 ఉన్న సన్నని అమ్మాయికి సరిపోతుంది. మన స్త్రీ వేసుకుంటే రొమ్ము సగం బయటే ఉంటుంది. రెండు తప్పుల్లోనూ ఒకే నాలుగు అంగుళాలు: ఒక చోట అవి రెండుసార్లు లెక్కలోకి వచ్చాయి, మరో చోట అసలు రాలేదు.

దీన్ని ఇంత సాగదీయడానికి కారణం ఉంది. ఈ పొరపాటు చేసిన స్త్రీ తన లెక్కను అనుమానించదు, తన ఒంటిని అనుమానిస్తుంది. "నా శరీరమే వింతగా ఉన్నట్టుంది, నాకు ఏదీ సరిపోదు" అన్న వాక్యం ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎన్నిసార్లు చదివానో, చదివిన ప్రతిసారీ నాకు అంత బాధ కలిగింది. ఆ సోదరీమణులకు మనస్ఫూర్తిగా చెబుతున్నాను: మీ శరీరంలో ఏ వింతా లేదు, రెండు లెక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, అంతే.

నా సొంత అలవాటు చెప్పాలంటే, ఈ రెండు సూత్రాలనూ పక్కనపెట్టి టేపును సెంటీమీటర్ల వైపు తిప్పుకుంటాను. అప్పుడు కలపడమూ ఉండదు, సరి బేసి గొడవా ఉండదు. కింది చుట్టు 68 నుంచి 72 సెంటీమీటర్ల దాకా ఉంటే 70 వరుస, అంటే మన 32. 73 నుంచి 77 దాకా 75 వరుస, మన 34. 78 నుంచి 82 దాకా 36, 83 నుంచి 87 దాకా 38. తరువాత పై చుట్టులోంచి, మీరు నిజంగా కొలిచిన కింది చుట్టును తీసివేయండి. తేడా 12 నుంచి 14 సెంటీమీటర్లైతే ఏ, 14 నుంచి 16 అయితే బి, 16 నుంచి 18 అయితే సి, 18 నుంచి 20 అయితే డి. పైన చెప్పిన స్త్రీకి కింద 76, పైన 91 సెంటీమీటర్లు. వరుస 75, తేడా 15, మళ్లీ 34బి వచ్చింది. మంచి కంపెనీల అట్టపెట్టెల మీదా, లేబుళ్ల మీదా ఈ సెంటీమీటర్ల పట్టిక ఉంటుంది. ఒకే లేబుల్ మీద 75, 34, 90, 12 అని నాలుగు అంకెలు కనబడితే కంగారు పడవద్దు. అవి వరుసగా యూరప్, మనమూ బ్రిటన్ అమెరికాలూ, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా ఒకే బ్యాండుకు పెట్టుకున్న పేర్లు.

బ్లౌజు కొలతను బట్టి బ్రా కొనడం దీనికి తోబుట్టువు లాంటి పొరపాటు. కౌంటరులో ఉన్నవారు "బ్లౌజు సైజు ఎంతమ్మా?" అని అడుగుతారు, మనం 36 అంటాం, 36 చేతిలో పెడతారు. దర్జీ బ్లౌజుకు తీసుకునేది పై చుట్టు, బ్రా బ్యాండు కావలసింది కింది చుట్టు. ఇదే స్త్రీ 36 వేసుకుంటే బ్యాండు వదులై వీపు మీద పైకి ఎక్కుతుంది, ముందు భాగం కిందికి దిగుతుంది, ఆ బరువంతా పట్టీల మీద పడి భుజాల్లో గాడి పడుతుంది. బరువును మోయవలసింది ప్రధానంగా బ్యాండు, భుజం పట్టీ కాదు. కింద 86, పైన 103 సెంటీమీటర్లు ఉన్న మరో సోదరి ఏళ్ల తరబడి బ్లౌజు లెక్కలో 40 కొంటూ వచ్చి, భుజం నొప్పి వయసు వల్ల వచ్చిందనుకున్నారు. పట్టిక ప్రకారం ఆమెది 38సి.

అమెరికాలో ఉన్న కూతుళ్లు, చెల్లెళ్లు పంపిన బ్రాల గురించి కూడా అడిగారు. డి దాటిన తరువాత దేశానికో అక్షరం ఉంటుంది. అమెరికాలో డిడిడి అన్నది బ్రిటన్‌లో ఇ, యూరప్‌లో ఎఫ్. డి లోపల ఉన్నవారికి ఈ బాధ లేదు.

పట్టిక ఇచ్చేది మొదటి బ్రాను ఏ అరలోంచి తీయాలో అన్న సమాచారం మాత్రమే. నిర్ణయం ఒంటి మీద జరగాలి. కొత్త బ్రాను అన్నిటికంటే వదులుగా ఉన్న హుక్కుల వరుసకు పెట్టి చూడండి. వాడేకొద్దీ ఎలాస్టిక్ సాగుతుంది కనుక లోపలి వరుసలను తరువాతి నెలల కోసం అట్టే ఉంచుకోవాలి. మొదటిరోజే ఆఖరి వరుస కావలసి వస్తే ఆ బ్యాండు మీకు పెద్దది. ముందుకు వంగి, చంక వైపు మిగిలిపోయిన భాగాన్ని చేత్తో కప్పులోకి తెచ్చుకుని, అప్పుడు నిటారుగా నిలబడండి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లనే చాలామంది తమకు కావలసినదానికంటే ఒక అక్షరం తక్కువ కొంటున్నారు. వీపు మీద బ్యాండు అడ్డంగా, ముందు ఉన్నంత ఎత్తులోనే ఉండాలి, కింద రెండు వేళ్లు మాత్రమే దూరాలి. చేతులు పైకెత్తితే కప్పు అంచు రొమ్ము మీదికి ఎక్కకూడదు. వైరు ఉన్న బ్రా అయితే కప్పుల మధ్య ముక్క ఎముకకు ఆనాలి, వైరు రొమ్ము మీద కాకుండా దాని చుట్టూ, చంక కింద పక్కటెముక మీద ముగియాలి. వైరు లేని నూలు బ్రాలో మధ్య ముక్క కొంచెం ఎడంగా నిలిచినా తప్పు కాదు. రెండు రొమ్ములు అచ్చంగా సమానంగా ఉండడం అరుదు కనుక పెద్దదానికి సరిపోయే కప్పు తీసుకుని, రెండో వైపు పట్టీని కొంచెం బిగించుకోవాలి. పట్టీ పొడవు సరిచేసుకోవడం అందరికీ తెలిసినదే.

బ్యాండు ఒక వరుస తగ్గితే అక్షరం ఒకటి పెరుగుతుందని గుర్తుంచుకుంటే దుకాణంలో చాలా శ్రమ తగ్గుతుంది. 34బి, 32సి, 36ఏ మూడింటి కప్పులూ ఒకే పరిమాణంలో ఉంటాయి. 34బి కప్పు సరిపోయి బ్యాండు వదులుగా ఉంటే 32బి అడగకూడదు, 32సి అడగాలి. బ్యాండు వదులుగా ఉండి కప్పు కూడా చాలకపోతే 32డి వరకు వెళ్లవలసి రావచ్చు, ఆ డి అక్షరం చూసి వెనుకాడకండి. బొద్దుగా, మెత్తగా ఉన్న ఒంటికి నేను ఒక వరుస తక్కువ బ్యాండునే ముందు వేయిస్తాను. పక్కటెముకలు తెలిసే సన్నని ఒంటికి పట్టిక చెప్పినదే హాయిగా ఉంటుంది. రోజువారీకి నేను ఎంచుకునేది ముక్కలు కలిపి కుట్టిన నూలు కప్పు, ప్యాడు లేనిది. అచ్చులో పోసినట్టుండే కప్పులో తన ఆకారమే కనబడుతుంది తప్ప సరిపోయిందో లేదో తెలియదు, కనుక సైజు తెలుసుకునే దశలో అది పనికిరాదని నా అభిప్రాయం.

అభ్యాసం ఈసారి కొంచెం పెద్దది, దయచేసి దాటవేయకండి. ఇంట్లో ఉన్న మీ బ్రాలన్నీ తీసి, ఒక్కోదానికి లేబుల్ సైజు, ఇప్పుడు పెడుతున్న హుక్కుల వరుస, బ్యాండును పూర్తిగా సాగదీస్తే వచ్చే సెంటీమీటర్లు ఒక పుస్తకంలో రాయండి. మీ కింది చుట్టును మూడు వేర్వేరు రోజుల్లో కొలిచి పక్కనే రాయండి. తరువాత ఒక్కో బ్రా వేసుకుని వీపు ఎత్తు, మధ్య ముక్క, చంక అంచు, చేతులెత్తినప్పటి కప్పు అంచు చూసి నాలుగు గడులు నింపండి. చివరగా ఈ రెండు కొలతలకు సెంటీమీటర్ల పట్టికతో సైజు కట్టండి: కింద 81, పైన 98; కింద 71, పైన 84. మొదటిదానికి 36సి, రెండోదానికి 32ఏ రావాలి. రాకపోతే తీసివేతలో మీరు ఏ అంకె వాడారో చూసుకోండి; కొలిచిన కింది చుట్టుకు బదులు వరుస అంకెను తీసివేసి ఉంటారు. వచ్చే పాఠంలో బ్లౌజు డాట్ల (ఒంటి ఆకారానికి వేసే మడత కుట్ల) మొన ఎక్కడ పడాలన్నది కూడా ఈ పుస్తకాన్ని ముందు పెట్టుకునే చూస్తాం, అందువల్ల బ్లౌజు కిందకు మీరు ఎక్కువగా వేసుకునే బ్రా పేరు పక్కన ఒక గుర్తు పెట్టి ఉంచండి.