అడ్వాన్స్ ఇచ్చే ముందు రెండు బకెట్ల నీళ్లు పోసి చూడండి

మా నాన్న కాకినాడ చుట్టుపక్కల 40 ఏళ్లు తాపీ పని చేశారు. అయినా 2018లో హైదరాబాద్ నిజాంపేటలో మేం ఫ్లాట్ కొన్నప్పుడు ఆయన్ని ముందు తీసుకెళ్లి చూపించలేదు. ఇంకో పార్టీ రెడీగా ఉందని బ్రోకర్ తొందరపెట్టాడు. కొత్తగా వేసిన రంగు చూసి మేం 2 లక్షలు అడ్వాన్స్ ఇచ్చేశాం. రిజిస్ట్రేషన్ అయ్యాక నాన్న వచ్చారు. ఇల్లంతా తిరిగి, బెడ్‌రూమ్‌లో ఒక గోడ దగ్గర ఆగారు. వంగి, మోకాలెత్తున అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉన్నారు. "దీని వెనక బాత్రూమేనా అమ్మా?" అని మాత్రం అడిగారు.

బాత్రూమే. రెండు నెలలు తిరక్కుండా ఆ రంగు పొక్కులు లేచింది. గీకితే లోపలంతా తెల్లగా ఉప్పు. బాత్రూమ్ టైల్స్ పీకించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, మళ్లీ టైల్స్ వేయించేసరికి 1 లక్షా 10 వేలు అయ్యాయి. అప్పటికే హోమ్ లోన్ ఈఎంఐ మొదలైంది కాబట్టి ఆ డబ్బు కోసం బంగారం పెట్టాల్సి వచ్చింది.

ఆ తర్వాత మా చెల్లి, మా ఆడపడుచు, మా స్కూల్లో ఇద్దరు టీచర్లు ఇల్లు కొనేటప్పుడు వాళ్ల వెంట నేనే వెళ్లాను. చూసే పద్ధతి నాన్న నేర్పిందే. పాత ఫ్లాట్ కొనేవాళ్లకి ఎక్కువ పనికొస్తుంది, కొత్తదైనా చాలావరకు ఇంతే. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), ప్లాన్ అప్రూవల్, ఓసీ (బిల్డింగ్‌లో ఉండొచ్చని ఇచ్చే అనుమతి పత్రం) లాంటివి లాయరుకు చూపించండి. నేను చెప్పేది ఇంటి ఒంటి గురించి.

బయానా ఇవ్వకముందే, పగటి వెలుగులో వెళ్లండి. వాన పడిన మర్నాడైతే ఇంకా మంచిది. సంచిలో ఒక టార్చి, 10 రూపాయల నాణెం, చిన్న రసమట్టం, ఫోన్ ఛార్జర్ చాలు. గంటసేపు కుళాయిలు తిప్పుకుంటామని ఓనరుకి ముందే చెప్పండి. కాదనే ఓనరు నాకు ఇంతవరకూ ఎదురవలేదు.

ముందు బాత్రూమ్. తలుపు దగ్గర, మూలల్లో రెండు బకెట్ల నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడండి. నీళ్లన్నీ వాటంగా నానీ ట్రాప్ (నేల మీద నీళ్లు పోయే జాలీ) వైపు పోవాలి. ఐదు నిమిషాల తర్వాత కూడా ఒక మూల మడుగు కడితే ఆ మూల వాటం లేనట్టే. రోజూ అక్కడ నీళ్లు నిలిచి, టైల్స్ సందుల్లోంచి కిందికి దిగుతాయి. తర్వాత నాణెంతో టైల్స్ మీద ఒక్కోటీ తట్టండి. గట్టిగా అతుక్కున్న టైల్ 'టక్' మంటుంది. కింద సిమెంటు సరిగా పడనిది 'డొబ్' మంటుంది. అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే సర్దుకోవచ్చు కానీ వరసగా నాలుగైదు డొల్లగా పలికితే ఆ పని మళ్లీ చేయాల్సిందే. అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పి ఫ్లష్ నొక్కండి. నీళ్లు సన్నగా వస్తున్నాయో, ట్రాప్ లోంచి బుడగలు పొంగుతున్నాయో అప్పుడే తెలుస్తుంది. ఫ్లాట్ ఖాళీగా ఉంటే ట్రాప్‌ని గుడ్డతో బిగించి మూసి, అంగుళం లోతు నీళ్లు కట్టి 24 గంటలు వదలండి. మర్నాడు కింది ఇంటికెళ్లి చూడండి.

కింది ఇంటికి వెళ్లడం మాత్రం ఎవరూ మానొద్దు. మన బాత్రూమ్ నేలలోంచి దిగే లీకు మన ఇంట్లో కనపడదు, వాళ్ల సీలింగ్‌లో కనపడుతుంది. ప్రగతినగర్‌లో మా చెల్లి ఫ్లాట్ చూసినప్పుడు కింది అంతస్తు తలుపు కొట్టి, "పిన్నిగారూ, పైన ఫ్లాట్ కొందామనుకుంటున్నాం, ఒక్కసారి మీ బాత్రూమ్ సీలింగ్ చూడనిస్తారా?" అని అడిగాను. ఆవిడ స్టూలు కూడా తెచ్చి వేశారు. పైపు చుట్టూ టీ మరకలాంటి వలయాలు, ఒకదాన్లో ఒకటి. "మూడేళ్లుగా చెబుతున్నానమ్మా, పైవాళ్లు పట్టించుకోరు" అన్నారావిడ. పైన ఆ మాట మాకెవరూ చెప్పలేదు. ఫోటోలు తీసి చూపిస్తే ఓనరు బేరంలో లక్షన్నర తగ్గించాడు. అలాగే మీరు కొనే ఇంటి సీలింగ్ చూస్తే పైవాళ్ల సంగతి తెలుస్తుంది. ఇల్లంతా పాతగా ఉండి ఒక్క గోడకో, ఒక్క సీలింగ్ ముక్కకో మాత్రం కొత్త రంగు కనిపిస్తే ఎందుకు వేశారని అడగండి. గోడల్ని కింద రెండడుగుల మేర చేత్తో తాకి చూడండి. చెమ్మ ఉంటే చల్లగా తగులుతుంది.

పగుళ్ల విషయంలో అనవసరంగా టెన్షన్ పడేవాళ్లున్నారు, అసలు పట్టించుకోనివాళ్లూ ఉన్నారు. ప్లాస్టరింగ్ మీద వెంట్రుక మందం గీతలు మామూలే. బీమ్‌కీ ఇటుక గోడకీ మధ్య అడ్డంగా వచ్చే గీత కూడా ఎక్కువగా రెండు సామాన్లు కలిసేచోట వచ్చేదే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయి, నాణెం అంచు దూరేంత వెడల్పున్న పగులైతే ఆగండి. పిల్లరు మీదో బీమ్ మీదో పగులు కనపడితే, అది ఎంత చిన్నదైనా, ఇంజినీరు చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి.

పిల్లర్లు చూడాలంటే సెల్లార్ పార్కింగ్‌కి వెళ్లండి, ముఖ్యంగా సంపు పక్కనున్న పిల్లర్ల దగ్గరికి. లోపలి ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి పైన కాంక్రీటుని నెట్టేస్తుంది. అందుకే ఊచ పొడవునా నిలువు పగులు వచ్చి, తర్వాత పెచ్చులు ఊడతాయి. బాల్కనీ స్లాబ్ అడుగు భాగం కూడా కింద నిలబడి చూడండి. పై అంతస్తు కొంటుంటే టెర్రస్ ఎక్కి, పిట్టగోడ మొదట్లో నాచు ఉందేమో, వాననీళ్ల పైపు మూతి పూడుకుందేమో చూడాలి.

కరెంటుకి ఎలక్ట్రీషియన్‌ని వెంట తీసుకెళ్లండి. ఎర్తింగ్ ఉందా, గీజరుకీ ఏసీకీ 16 ఆంప్స్ పాయింట్లు, వాటికి విడి లైన్లు ఉన్నాయా అన్నది అతను చూస్తాడు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కించండి, వెంటనే ట్రిప్ అవ్వాలి. మిగతా ప్లగ్గుల్లో ఫోన్ ఛార్జర్ పెట్టి మీరే చూసుకోవచ్చు.

నీళ్ల సంగతి ఓనరుని కాదు, వాచ్‌మన్ని అడగండి. ఏప్రిల్లో రోజుకి ఎన్ని ట్యాంకర్లు వస్తాయి, మంజీరా నీళ్లు ఎన్ని రోజులకోసారి వదులుతారు, బోరు ఎన్ని గంటలు పోస్తుంది? టీడీఎస్ మీటరుతో (నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచేది) బోరు నీళ్లూ చూడండి. తాగే నీటి టీడీఎస్‌కి బీఐఎస్ (ప్రమాణాలు నిర్ణయించే కేంద్ర సంస్థ) పెట్టిన హద్దు లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేకపోతే 2000 వరకు.

ఇదంతా చూశాక అనుమానం మిగిలితే స్ట్రక్చరల్ ఇంజినీర్ని పిలవండి. మా ఆడపడుచు ఫ్లాట్‌కి వచ్చినాయన 6 వేలు తీసుకున్నారు. గోడల చెమ్మ మీటరుతో కొలిచి, రెండు పిల్లర్ల మీద రీబౌండ్ హ్యామర్ (కాంక్రీటు గట్టిదనం అంచనా వేసే పరికరం) కొట్టి, ఫోటోలతో రిపోర్టు ఇచ్చారు. ఆ రిపోర్టులోని లోపాలు ఓనరు ఏ తేదీలోగా బాగుచేయిస్తాడో, చేయించకపోతే ఎంత తగ్గించుకోవాలో సేల్ అగ్రిమెంట్‌లో రాయించుకోండి. కాగితం మీద లేని మాట అడ్వాన్స్ చేతులు మారాక గుర్తుండదు.

బిల్డింగ్ కొత్తదైతే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో 14వ సెక్షన్ గుర్తుపెట్టుకోండి. స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి, మీరు చెబితే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. మొదటి ఓనరు దగ్గర రీసేల్‌లో కొన్నవాళ్లకీ ఇది వర్తిస్తుంది కాబట్టి స్వాధీనం ఇచ్చిన లెటర్ కాపీ ఓనరు దగ్గర అడిగి తీసుకోండి.

రిజిస్ట్రేషన్ రోజు పొద్దున, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి బయల్దేరే ముందు, ఇంకోసారి ఆ ఇంటికి వెళ్లి రండి. ఇస్తామన్న ఫ్యాన్లు, గీజరు ఉన్నాయో లేదో చూడండి. కరెంటు మీటరు రీడింగ్ ఫోటో తీసుకోండి. బాత్రూమ్ వెనక గోడ మీద ఒకసారి చెయ్యి పెట్టి చూసి, అప్పుడు బయల్దేరండి.